బొమ్మల పుస్తకాల ఆయువు: కాగితం, ముద్రణ పద్ధతులపై ఒక విమర్శ

తెలుగులో గ్రంథపరిష్కరణ ప్రధానంగా అక్షరపాఠం చుట్టూ ఎదిగింది. తాళపత్ర ప్రతుల సేకరణ, పాఠాంతరాల తులన, ప్రక్షిప్తాల నిర్ణయం, శుద్ధప్రతి నిర్మాణం వంటి అంశాలపై వందేళ్లకు పైబడిన చర్చ ఉంది. బొమ్మల విషయంలో అటువంటి చర్చ దాదాపు జరగలేదు. ఒక కథాసంపుటి పునర్ముద్రణలో ఒక వాక్యం జారిపోతే సమీక్షకులు ఎత్తిచూపుతారు. అదే సంపుటిలో చిత్రకారుని గీత పలచబడి, నిండు నలుపు బూడిదరంగుగా మారి అచ్చయితే అది ఎవరి దృష్టికీ రాదు. బొమ్మను కథకు అలంకారంగా భావించినంత కాలం ఈ ఉపేక్ష సహజమే. బొమ్మ కూడా పాఠంలో భాగమేనని అంగీకరించిన మరుక్షణం, అది ఏ పద్ధతిలో అచ్చయింది, ఏ కాగితం మీద నిలిచింది అనేవి ముద్రాపకుని ఇష్టానికి వదిలివేయదగిన విషయాలు కాకుండా పోతాయి. అవి పరిష్కర్త నిర్ణయించవలసినవి అవుతాయి.

సచిత్ర గ్రంథానికి రెండు ఆయువులు ఉంటాయి. ఒకటి కాగితానిది, రెండవది కాగితం మీది ప్రతిబింబానిది. ఈ రెండూ ఒకే వేగంతో తరగవు. కాగితం పెళుసెక్కి అంచులు రాలుతున్నా, దానిమీది నల్ల సిరా అచ్చయిన నాటి గాఢతతోనే ఉన్న పుస్తకాలు పాత గ్రంథాలయాలన్నింటా కనిపిస్తాయి. దీనికి విరుద్ధంగా, కాగితం తెల్లగా దృఢంగా ఉండి బొమ్మలోని ఎరుపు, పసుపు వెలిసిపోయి నీలం మాత్రమే మిగిలిన ముద్రణలూ ఉన్నాయి. ఎండ తగిలే గోడమీద కొన్ని నెలలు నిలిచిన సినిమా వాల్‌పోస్టరు ఈ రెండవ స్థితికి అందరికీ తెలిసిన ఉదాహరణ. అచ్చులో వాడే నాలుగు రంగుల్లో నలుపు కర్బనం, నీలం థాలోసయనిన్ వర్ణకం. ఈ రెండూ వెలుతురుకు బాగా ఓర్చుకుంటాయి. సాధారణ పసుపు, మెజెంటా సిరాలకు ఆ ఓర్పు తక్కువ. కనుక రంగుల బొమ్మ వెలిసేటప్పుడు అన్ని రంగులూ సమానంగా వెలవవు. వర్ణసమతుల్యత చెదిరి, చిత్రకారుడు ఉద్దేశించని మరొక బొమ్మ తయారవుతుంది. పాఠపరిష్కరణ పరిభాషలో చెప్పాలంటే ఇది లేఖక దోషానికి సమానమైనదే. ఇక్కడి లేఖకుడు కాలం.

ముద్రిత ప్రతిబింబం మీద ఎంత భారం పడగలదో అజంతా చిత్రాల చరిత్ర తెలియజేస్తుంది. మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ 1844 నుండి ఆ గుహల్లో ఏళ్ల తరబడి తైలవర్ణాలతో ప్రతికృతులు తయారుచేసి లండన్‌కు పంపాడు. 1866 డిసెంబరులో క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో వాటిలో అత్యధిక భాగం కాలిపోయింది. తరువాత బొంబాయి కళాపాఠశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872లో మొదలుపెట్టి మళ్లీ ప్రతికృతులు వేయించాడు. 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో జరిగిన మరొక అగ్నిప్రమాదంలో వాటిలోనూ చాలా నశించాయి. అయితే గ్రిఫిత్స్ కృషి 1896-97లో రెండు సంపుటాల గ్రంథంగా అచ్చయింది. గోడమీది మూలం క్రమంగా శిథిలమవుతుండగా, కాన్వాసు మీది ప్రతికృతి మంటల పాలుకాగా, ఆ రూపానికి అనేక ప్రతుల్లో ఉనికిని కల్పించింది అచ్చు. ఒకే చోట ఉన్న ప్రతికృతికీ, పలు గ్రంథాలయాల్లో చెదిరి ఉన్న ముద్రిత ప్రతికీ మధ్య తేడా ఇదే.

అయితే ఆ గ్రంథంలోని రంగుల పుటలు ఏ మేరకు అజంతావి? క్రోమోలిథోగ్రఫీ, అంటే వర్ణశిలాముద్రణలో, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి అవసరం. ఆ రాయి మీద బొమ్మను శిల్పశాలలోని పనివాడు చేతితో విడదీసి గీస్తాడు. కనుక గోడకూ పుటకూ మధ్య కనీసం రెండు చేతులు ఉన్నాయి. ఒకటి గుహలో ప్రతికృతి వేసిన చిత్రకారునిది, మరొకటి రాతి మీద గీసిన ముద్రణకారునిది. ఆ ఇద్దరి శిక్షణ, అభిరుచి, ఊహ ఆ పుటల్లో చేరాయి. దీనికి ప్రతిగా ఒక లాభమూ ఉంది. వర్ణశిలాముద్రణలో రంగు గాఢంగా, నిండుగా కాగితం మీద కూర్చుంటుంది. యంత్రపు చుక్కల వల ఉండదు. కాబట్టి అలా అచ్చయిన పుటను పెద్దది చేసి చూసినా ఆ యంత్రపు వల కనిపించదు.

గులాం యాజ్‌దానీ సంపాదకత్వంలో నిజాం ప్రభుత్వం వెలువరించిన నాలుగు భాగాల అజంతా గ్రంథం (1930, 1933, 1946, 1955) ఈ సమస్యకు మరొక పరిష్కారాన్ని ఎంచుకొంది. హైదరాబాదు పురావస్తుశాఖ పర్యవేక్షణలో సిద్ధమైన ఈ గ్రంథం తన పుటలు ఫొటోగ్రఫీ ఆధారంగా రూపొందినవని శీర్షికలోనే ప్రకటించుకొంది. ఆ ప్రకటనలో ఒక విమర్శ దాగి ఉంది. చేతి ప్రతికృతి ఇక ప్రమాణం కాదని అది చెప్పకనే చెప్పింది. ఫొటో మానవహస్తాన్ని తొలగించింది గాని, గోడమీది పూతలను తొలగించలేకపోయింది. పూర్వం ప్రతికృతులు వేసినవారు రంగులు స్పష్టంగా కనిపించడానికి పూసిన వార్నిష్, 1920-22 మధ్య ఇటలీ నుండి వచ్చిన సంరక్షకులు వాడిన లక్క పూత కాలక్రమంలో పసుపెక్కాయి. కెమెరా ఆ పసుపును కూడా విశ్వసనీయంగా నమోదు చేసింది. కనుక గ్రిఫిత్స్ గ్రంథం అజంతాకు ఒక వ్యాఖ్యానమైతే, యాజ్‌దానీ గ్రంథం ఆనాటి స్థితికి ఒక సాక్ష్యం. పరిశోధకునికి రెండూ కావాలి. ఒకదానిని మరొకదాని స్థానంలో ఉదాహరించడం మాత్రం పద్ధతిదోషం. తెలుగులో అజంతాపై వచ్చిన రచనల్లో చిత్రాన్ని ఎక్కడి నుండి గ్రహించారో చెప్పకుండా ముద్రించే అలవాటు ఈ భేదాన్ని పూర్తిగా చెరిపివేస్తుంది.

ముద్రణ పద్ధతి ఎంపిక మూలాన్నే కాపాడిన సందర్భం జపానులో ఉంది. హోర్యూజీ ఆలయంలోని కుడ్యచిత్రాలను అజంతా చిత్రాలతో పోల్చి చూడడం కళాచరిత్రకారులకు పరిపాటి. 1935లో క్యోటోకు చెందిన బెన్రిదో సంస్థ వాటిని గాజుపలకలపై అసలు పరిమాణంలోనే ఫొటోలు తీసి, కొలోటైప్ పద్ధతిలో అచ్చువేసింది. 1949 జనవరి 26న ఆ మందిరం మంటల్లో చిక్కుకొంది. చిత్రాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1967-68లో చిత్రకారులు వాటిని తిరిగి వేసినప్పుడు కొలోటైప్‌లో అచ్చయిన ఆ ప్రతిబింబాలే వారికి ఆధారరేఖలయ్యాయి. కొలోటైప్‌లో హాఫ్‌టోన్ చుక్కలు ఉండవు. గాజుపలక మీద జెలటిన్ పొర వెలుతురుకు గట్టిపడి, సిరాను తన తేమను బట్టి ఎక్కువతక్కువగా పట్టి, ఛాయలను అవిచ్ఛిన్నంగా కాగితానికి అందిస్తుంది. ఆ పలక సాధారణంగా వెయ్యి, రెండు వేల ప్రతులకు మించి నిలవదు. కనుక వాణిజ్య ముద్రణ దానిని వదిలివేసింది. వాణిజ్యం వదిలిన పద్ధతి నశించిన చిత్రానికి ఆధారం కావడం ఇక్కడ గమనార్హం.

ఈ రెండు ఉదాహరణలను తెలుగు పుస్తకాలకు యథాతథంగా అన్వయించడం సాధ్యం కాదు. ఇక్కడ కొలోటైప్ శాలలు లేవు. రాజపోషణ లేదు. అయినా వాటి నుండి గ్రహించదగిన సూత్రం ఒకటి ఉంది. ముద్రణ పద్ధతిని బొమ్మ స్వభావం నిర్ణయించాలి, పుస్తకం ధర కాదు. ఈ సూత్రం వెలుగులో తెలుగు సచిత్ర సంప్రదాయాన్ని పరిశీలిస్తే ఆశ్చర్యకరమైన ఫలితం వస్తుంది.

ఆ సంప్రదాయంలో సింహభాగం గీతది. 1947 జూలైలో మద్రాసు నుండి వెలువడనారంభించిన ‘చందమామ’లో చిత్రా, శంకర్ వేసిన లోపలి బొమ్మలకు ప్రాణం గీతే. బాపు సాహిత్యానికి వేసిన బొమ్మల్లో అధికభాగం కుంచె లేదా పాళీ గీత, దానికి తోడు నిండు నలుపు. ఈ బొమ్మల్లో ఛాయలు లేవు. ఉన్నచోట కూడా అవి గీతల సాంద్రత వల్ల కలిగినవే. లెటర్‌ప్రెస్ కాలంలో ఇటువంటి బొమ్మకు జింకు రేకు మీద లైన్ బ్లాకు చేసేవారు. బ్లాకులో సిరా పట్టే చోటు, పట్టని చోటు అనే రెండే స్థితులు ఉంటాయి. చుక్కల ప్రసక్తి లేదు. కనుక మామూలు కాగితం మీద, చివరకు న్యూస్‌ప్రింట్ మీద కూడా, గీత పదునుగా దిగేది. చవక ముద్రణ అనిపించుకొన్న ఆ పద్ధతి గీతకు అత్యంత న్యాయమైన పద్ధతి కావడం యాదృచ్ఛికం కాదు. చిత్రకారులు ఆ బ్లాకును దృష్టిలో ఉంచుకొనే గీశారు. గీతల మధ్య ఎంత ఎడం ఉంటే సిరా నిండిపోకుండా ఉంటుందో, నలుపును ఎక్కడ ఆపాలో వారికి తెలుసు. అంటే ముద్రణ పద్ధతి ఆ బొమ్మల నిర్మాణంలోనే ఉంది.

వడ్డాది పాపయ్య ముఖచిత్రాల సంగతి వేరు. పలచని రంగుల పూతలు ఒకదానిలోనికి ఒకటి కరిగిపోయే ఆ బొమ్మలకు నాలుగురంగుల హాఫ్‌టోన్ తప్ప గత్యంతరం లేదు. చుక్క పదునుగా నిలవాలంటే నున్నని పూత గల కాగితమూ కావాలి. 1924లో మొదలైన ‘భారతి’ ప్రచురించిన త్రివర్ణ చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. సాహిత్య పుటలు ఒక రకం కాగితం మీద, చిత్రపుట నున్నని ఆర్ట్ పేపరు మీద అచ్చువేసి మధ్యలో అతికించడం ఆనాటి పద్ధతి. ఆ రెండు కాగితాలు రెండు విధాలుగా ముసలివి అవుతాయి. కుట్టులో చేరని చిత్రపుట జిగురు ఎండగానే ఊడివస్తుంది. ఊడివచ్చిన రంగుల బొమ్మ పుస్తకంలోకి తిరిగి చేరడం అరుదు. గ్రంథాలయ సూచిక మాత్రం ఆ సంచికను సమగ్రమనే చూపుతుంది.

నేటి పునర్ముద్రణల్లో ఈ రెండు జాతుల మధ్య వివేచన లోపిస్తున్నది. గౌరవప్రతి అనగానే ఆర్ట్ పేపరు అనే సమీకరణం స్థిరపడింది. గీతబొమ్మల సంపుటాలు కూడా 130 జి.ఎస్‌.ఎం. నిగనిగలాడే కాగితం మీద, నాలుగురంగుల ఆఫ్‌సెట్‌లో వెలువడుతున్నాయి. ఇందులో అనేక హానులు ఉన్నాయి. మొదటిది, పాత అచ్చుపుటను గ్రేస్కేల్‌గా స్కాన్ చేసి అలాగే ప్లేటుకు పంపడం. అప్పుడు ప్లేటు తయారుచేసే యంత్రం గీత అంచులోని బూడిదఛాయలను చుక్కలుగా మారుస్తుంది. భూతద్దంతో చూస్తే గీత అంచు రంపపు పళ్లలా కనిపిస్తుంది. భూతద్దం లేకుండా చూసినా మెత్తబడినట్లు తోస్తుంది. అదే బొమ్మను అంగుళానికి 1200 చుక్కల సాంద్రతతో, నలుపు తెలుపు అనే రెండే స్థితుల లైన్ ఆర్ట్‌గా సిద్ధం చేస్తే ఈ దోషం రాదు. దీనికి అదనపు వ్యయమేమీ లేదు. ఉన్నదల్లా ఏ అంచు వద్ద నలుపును ఆపాలో బొమ్మ బొమ్మకూ నిర్ణయించే శ్రమ, అంటే పరిష్కర్త చేయవలసిన శ్రమే. రెండవది, ఒక్క నల్ల సిరాతో ముగియవలసిన గీతను నాలుగు సిరాల కలయికతో అచ్చువేయడం. నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి తప్పినా సన్నని గీత పక్కన ఎరుపు, నీలం నీడలు తేలుతాయి. పైగా కర్బన సిరా ఒక్కటే అయి ఉంటే శతాబ్దాలు మారని నలుపు, వెలిసే సిరాలతో కలిసినందువల్ల తన స్థిరత్వాన్ని కొంత కోల్పోతుంది.

మూడవది అభిరుచికి సంబంధించినది. పాత పుటలోని గోధుమరంగును కూడా నేపథ్యంగా ముద్రించి ‘పాతదనం’ చూపడం ఇటీవల ఒక మోజుగా మారింది. కాగితానికి పట్టిన ఆమ్లరోగాన్ని అలంకారంగా మార్చడం ఇది. చిత్రకారుడు తెల్లకాగితం మీద గీశాడు. తెలుపు అతని బొమ్మలో ఒక రంగు. దానిని గోధుమగా మార్చినప్పుడు బొమ్మలోని వెలుగే మారిపోతుంది. దస్తావేజు విలువ గల రాతప్రతి నకలుకు ఈ పద్ధతి సమంజసం కావచ్చు. చదువుకొనే కథాసంపుటికి కాదు.

ఇక కాగితం. పందొమ్మిదో శతాబ్ది ముద్రణ విస్తరణకు రెండు ఆవిష్కరణలు మూలం. 1807లో మోరిట్జ్ ఇల్లిగ్ ప్రకటించిన పటిక-గుగ్గిలం పూత ఒకటి. 1844లో ఫ్రీడ్రిష్ కెల్లర్ రూపొందించిన, కలపను అరగదీసి గుజ్జు చేసే పద్ధతి మరొకటి. మొదటిది కాగితంలోకి ఆమ్లాన్ని తెచ్చింది. రెండవది లిగ్నిన్‌ను తెచ్చింది. ఆమ్లం సెల్యులోజు గొలుసులను తెంచుతుంది, తేమా వేడీ ఆ పనిని వేగవంతం చేస్తాయి. లిగ్నిన్ వెలుతురుకు గోధుమరంగుకు తిరుగుతుంది. 1959లో వెలువడిన విలియం బారో అధ్యయనం 1900-1949 మధ్య అచ్చయిన 500 అమెరికన్ గ్రంథాల కాగితాన్ని పరీక్షించి, వాటిలో 97 శాతం యాభై ఏళ్లకు మించి ఉపయోగయోగ్యంగా ఉండవని తేల్చింది. వేడి, తేమ రెండూ అధికంగా ఉన్న కోస్తా జిల్లాల గ్రంథాలయాల్లో ఈ క్షయం మరింత త్వరగా సాగుతుందనడానికి వేరే ప్రమాణం అక్కరలేదు. తరువాత ఆమ్లరహిత పూతలు వచ్చాయి. 1994లో అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్‌.ఓ. 9706 శాశ్వత కాగితానికి లక్షణాలు నిర్దేశించింది: పి.హెచ్‌. 7.5 నుండి 10 మధ్య ఉండాలి, కనీసం రెండు శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారనిల్వ ఉండాలి, లిగ్నిన్ జాడ అత్యల్పంగా ఉండాలి, చింపుడుకు తగినంత నిరోధం ఉండాలి.

ఈ లక్షణాల్లో ఎక్కడా నిగనిగ లేదు, బరువు లేదు, మిరుమిట్లుగొలిపే తెలుపు లేదు. ప్రచురణకర్తలు కాగితాన్ని ఎంచుకొనేది మాత్రం సాధారణంగా ఆ మూడింటిని బట్టే. అతితెల్లని కాగితంలో ఆ తెలుపు చాలావరకు ప్రతిదీప్తి రసాయనాలది. అది కాలక్రమంలో తగ్గి, కాగితం మాసినట్లు కనిపిస్తుంది. సహజఛాయ గల కాగితంలో అటువంటి పతనం ఉండదు. ఆర్ట్ పేపరు విషయంలో న్యాయంగా ఒక మాట చెప్పాలి. నేడు దాని పూతలో కాల్షియం కార్బొనేట్ ఉండడం సాధారణం కనుక అది ఆమ్లకాగితం కానవసరం లేదు. దాని బలహీనత రసాయనం కన్నా నీరు. పూత తడిస్తే జిగురవుతుంది. తడిసిన ఆర్ట్ పేపరు పుటలు అలాగే ఆరితే ఒకే అట్టగా కరుచుకుంటాయి, విడదీస్తే బొమ్మ ఒక పుట నుండి మరొక పుటకు లేచిపోతుంది. వరదనీటిలో మునిగిన మామూలు కాగితపు పుస్తకాన్ని ఓపికగా ఆరబెట్టి దక్కించుకోవచ్చు. పూతకాగితపు పుస్తకాన్ని ఆరకముందే శీతలీకరించి, ఆ తరువాత శూన్యంలో ఆరబెట్టే సౌకర్యం ఉంటేనే ఆశ ఉంటుంది. తుఫాన్లు వచ్చే తీరంలో గ్రంథాలయాలు ఉన్న భాషకు ఇది అప్రధాన విషయం కాదు.

బరువు కూడా శత్రువే. 22 సెంటీమీటర్ల వెడల్పు, 28 సెంటీమీటర్ల ఎత్తు గల 300 పుటల గ్రంథం 130 జి.ఎస్‌.ఎం. కాగితం మీద అచ్చయితే అట్ట కాక 1.2 కిలోలు తూగుతుంది. నిలువుగా నిలబెట్టిన పుస్తకంలో ఆ బరువంతా వెన్నుకు వేలాడుతుంది. ఇటువంటి గ్రంథానికి కుట్టు లేకుండా వేడిజిగురుతో పర్‌ఫెక్ట్ బైండింగ్ చేస్తే పూతకాగితానికి జిగురు సరిగా పట్టక పుటలు విడిపోతాయి. ఫారాలను దారంతో కుట్టడం, కాగితపు పోగు వెన్నుకు సమాంతరంగా ఉండేలా షీటును కోయడం అనే రెండు జాగ్రత్తలు పాటిస్తే పుస్తకం చదునుగా తెరుచుకుంటుంది, తేమకు అలలు తేరదు. పోగు అడ్డంగా పడిన పుస్తకాన్ని వర్షాకాలంలో తెరిస్తే వెన్ను దగ్గర ముడతలు వెంటనే తెలుస్తాయి. పెద్ద బొమ్మ రెండు పుటల మీదుగా సాగే చోట ఈ ముడత బొమ్మ మధ్యలోనే పడుతుంది.

పై పరిశీలన నుండి గీతబొమ్మల గ్రంథానికి తగిన ముద్రణ ఏదో స్పష్టమవుతుంది. సహజఛాయ గల, ఆమ్లరహితమైన 90 నుండి 100 జి.ఎస్‌.ఎం. మ్యాప్‌లితో, నల్ల సిరా ఒక్కటే, ఫారాల కుట్టు. నిండు నలుపు ఎక్కువగా ఉన్న బొమ్మలు పుట వెనుకకు కనిపించకుండా కాగితపు అపారదర్శకతను ముందుగా పరీక్షించుకోవాలి. వర్ణచిత్రాలు కొన్నే ఉన్నప్పుడు వాటిని విడిగా అతికించకుండా, ఒకే ఫారంగా మ్యాట్ పూతకాగితం మీద అచ్చువేసి మిగిలిన ఫారాలతో పాటు కుట్టవచ్చు. ఈ ఏర్పాటు గౌరవప్రతికన్నా చవక. ఎక్కువకాలం నిలిచేది చవకగా లభించడం అరుదైన విషయమే గాని, ఇక్కడ అది వాస్తవం. గీతే ప్రధానమైన సంప్రదాయం తెలుగుకు ఇచ్చిన సౌలభ్యం ఇది.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. స్కాన్ చేసిన డిజిటల్ ప్రతి ఉండగా కాగితం ఆయువుతో పనేమిటి అన్నది ఆ అభ్యంతరం. డిజిటల్ ప్రతి అవసరమే. కాని అది దేని నుండి తయారైందన్నదే అసలు ప్రశ్న. తెలుగు పత్రికాచిత్రాల్లో మూలచిత్రం దొరకనివి ఎక్కువ. అచ్చుపుటే మూలం. హాఫ్‌టోన్‌లో అచ్చయిన పుటను స్కాన్ చేసి మళ్లీ హాఫ్‌టోన్‌లో అచ్చువేస్తే పాత చుక్కల వల, కొత్త చుక్కల వల ఒకదానిమీద ఒకటి పడి మోయిరే అనే గళ్లనీడ ఏర్పడుతుంది. దానిని తొలగించడానికి బొమ్మను మసకబరుస్తారు. ప్రతి తరం పునర్ముద్రణ ఇలా కొంత కోల్పోతుంది. తాళపత్ర లేఖనంలో తప్పు పైన తప్పు పేరుకొన్నట్లే. కనుక ఇప్పుడు అచ్చువేస్తున్న ప్రతి భావి స్కానింగుకు మూలం కాగలిగినంత శుద్ధంగా ఉండాలి.

కోరినప్పుడు కొన్ని ప్రతులు అచ్చువేసే డిజిటల్ ముద్రణ విశ్వవిద్యాలయ ప్రచురణల్లో పెరుగుతున్నది. టోనరులోని నలుపు కూడా కర్బనమే కనుక వెలవదు. అయితే టోనరు కాగితంలోకి ఇంకదు, వేడికి కరిగి పైన అంటుకొంటుంది. పి.వి.సి. ప్లాస్టిక్ అట్టల మధ్య ఉంచితే ఆ ప్లాస్టిక్‌కు లేచివస్తుంది. గ్రంథాలయాల్లో ఇటువంటి ప్రతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసే అలవాటును ఈ కారణంగా మానుకోవలసి ఉంది.

చివరగా, ముద్రణ వివరాల పుట. తెలుగు గ్రంథాల్లో ఆ పుట ప్రతుల సంఖ్యను, వెలను, ముద్రాపకుని పేరును తెలుపుతుంది. కాగితం ఏ రకమో, బొమ్మలు మూలం నుండి తీసుకున్నవా పాత అచ్చు నుండి తీసుకున్నవా, స్కాన్‌లో ఏ మార్పులు జరిగాయో చెప్పదు. శుద్ధప్రతి నిర్మాణంలో ఆధారప్రతుల వివరణ లేని పీఠికను ఏ పరీక్షకుడూ అంగీకరించడు. సచిత్ర గ్రంథానికి ఆ మినహాయింపు ఉండడానికి కారణం కనిపించదు. కాగితపు సంగతి తేల్చుకోవడం కష్టమేమీ కాదు. క్లోరోఫినాల్ రెడ్ కలంతో పుట అంచున చిన్న గీత గీస్తే క్షారకాగితం మీద అది ఊదారంగుకు తిరుగుతుంది, ఆమ్లకాగితం మీద పసుపుగా ఉంటుంది. ఆ కలం లిగ్నిన్‌ను మాత్రం పసిగట్టలేదు. అందుకు కాగితపు మిల్లు ఇచ్చే వివరపత్రాన్ని అడగాలి. ముద్రణకు టెండరు పిలిచే పత్రంలో జి.ఎస్‌.ఎం., తెలుపుశాతం అనే రెండు గళ్ల పక్కన పి.హెచ్‌., క్షారనిల్వ, పోగు దిశ అనే మరో మూడు గళ్లు చేర్చితే ఆ వివరపత్రం ముద్రాపకుని ద్వారానే శాఖకు చేరుతుంది.